కేసు పడ్డ పిల్లాడి ఇంటికొచ్చి చెప్పే తప్పు సలహాలు

పల్నాడులో గొడవ జరిగిన మర్నాడు స్టేషన్‌లో ఇచ్చే కంప్లైంటులో ఒకటీ రెండూ పేర్లుండవు. ఎదుటి ఇంటి మగవాళ్ల పేర్లన్నీ వరసబెట్టి రాయిస్తారు. పెద్దాయన, ఆయన తమ్ముళ్లు, చివర తమ్ముడి కొడుకు. ఆ చివరివాడికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. వాడు రాయి విసిరాడో, గోడ మీద కూర్చుని చూశాడో తర్వాతెప్పుడో తేలుతుంది. ఈలోపు ఇంటికి సలహాలు వచ్చి పడతాయి. 2024 మే 13న పోలింగ్ నాడు, ఆ వెంటనే వచ్చిన రోజుల్లో మాచర్ల, గురజాల, నరసరావుపేట వైపు ఏం జరిగిందో రాష్ట్రమంతా చూసింది. 144 సెక్షన్ పెట్టారు, జిల్లా ఎస్పీని సస్పెండ్ చేశారు, దర్యాప్తుకు సిట్ వేశారు. ఎన్నికలప్పుడు అంత పెద్దగా కనబడుతుంది గానీ, పొలం గట్టు తగాదాకూ తిరనాళ్ల గొడవకూ కూడా మా వైపు పేర్లు రాయించే పద్ధతి ఇదే.

ఇంటికొచ్చి సలహా చెప్పేవాళ్లలో చాలామంది మేలు కోరేవాళ్లే. మేనమామ, ఎదురింటి రిటైర్డ్ టీచరు, కోర్టు చుట్టూ తిరిగి అనుభవం గడించిన పెదనాన్న. అయినా వాళ్లు చెప్పేది తప్పు. పిల్లాడి చదువూ ఉద్యోగమూ కేసు వల్ల పోయేదానికంటే ఈ సలహాల వల్ల పోయేదే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందుకే వాటిని ఒక్కొక్కటిగా తీసి చెబుతాను.

“వాడు మైనరేగా, వాడి మీద వేసుకోమను”

అన్నిటికంటే పాపిష్టి సలహా ఇది. దెబ్బ కొట్టింది బాబాయి. బాబాయికి భార్యాపిల్లలు, వ్యవసాయం, బ్యాంకు లోను ఉన్నాయి. కుర్రాడికి ఏమీ లేవు, పైగా మైనర్, మహా అయితే మూడేళ్లు హోంలో ఉండి వచ్చేస్తాడు. ఇలా లెక్క వేసి పిల్లాడి చేత ‘నేనే కొట్టాను’ అనిపిస్తారు. వాడు కూడా కుటుంబం కోసం ఏదో గొప్ప పని చేస్తున్నాననుకుని ఒప్పుకుంటాడు.

మూడేళ్లన్న మాట సగమే నిజం. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పదహారు నిండి పద్దెనిమిది నిండని పిల్లాడి మీద ఘోర నేరం మోపితే, వాణ్ణి పెద్దవాడిగా విచారించాలా వద్దా అని జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా పరిశీలిస్తుంది. కనీస శిక్ష ఏడేళ్లు గానీ అంతకు మించి గానీ ఉన్న నేరాలు ఘోర నేరాల కిందికి వస్తాయి. హత్య అందులోదే. అలా చిల్డ్రన్స్ కోర్టుకు వెళ్లి అక్కడ పెద్దవాడిగా విచారణ జరిగి నేరం రుజువైతే, మామూలుగా పిల్లలకు దొరికే రక్షణ వాడికి దొరకదు. రికార్డు చెరిగిపోదు, ఉద్యోగానికి అనర్హత కూడా తప్పదు. బాబాయి కోసం నెత్తిన వేసుకున్న ఆ కేసు వాడు బతికినంత కాలం వాడితోనే ఉంటుంది.

మా వైపు గొడవల్లో ఎక్కువగా పెట్టేది హత్యాయత్నం, పాత ఐపీసీలో 307, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత(బీఎన్‌ఎస్)లో 109. దానికి గరిష్ఠ శిక్ష పెద్దదే గానీ, చట్టంలో ఏడేళ్ల కనీస శిక్ష అని రాసి లేదు. అలాంటి నేరాలను ఘోర నేరాలుగా లెక్కగట్టకూడదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో శిల్పా మిట్టల్ కేసులో చెప్పింది. కాబట్టి 307 పేరు వినగానే ‘పెద్దోళ్ల కోర్టుకి వెళ్లిపోద్ది’ అని తల్లిని భయపెట్టేవాళ్ల మాటా తప్పే. మీ వాడి మీద ఏ సెక్షన్ పెట్టారో ముందు కాగితం మీద చూడండి.

పిల్లాణ్ణి ముందుకు తోసే పెద్దవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. చట్టవిరుద్ధమైన పనులకు పిల్లల్ని వాడుకున్న పెద్దవాడికి ఏడేళ్ల వరకూ కఠిన కారాగార శిక్ష, ఐదు లక్షల జరిమానా ఉంటాయని అదే చట్టం 83వ సెక్షన్ చెబుతోంది. వర్గం పేరుతో కర్రలు పిల్లల చేతికిచ్చి పంపేవాళ్లు ఈ సెక్షన్ ఒకసారి చదివించుకుని వింటే బాగుండు.

“పంతొమ్మిదని చెప్పు, స్టేషన్ బెయిలొస్తది”

మైనరంటే బోర్డు అంటారు, దూరం తిప్పుతారు, అదే మేజరంటే సాయంత్రానికల్లా స్టేషన్‌లోనే పని అయిపోతుందని చెబుతారు. తొందరపడి ఒక్క అంకె మారిస్తే ఏం పోతుందో చూడండి. పద్దెనిమిది నిండని పిల్లాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు. ఇరవై నాలుగు గంటల్లో బోర్డు ముందు హాజరు పరచాలి. నేరం బెయిలబుల్ అయినా కాకపోయినా బెయిల్ ఇవ్వడమే నియమం, ఇవ్వకపోతే దానికి చట్టంలో చెప్పిన కారణం ఉండాలి, అది రాతపూర్వకంగా ఉండాలి. చిన్నా చితకా నేరమై, పెద్దవాళ్లు కలిసి లేకపోతే అసలు ఎఫ్‌ఐఆరే కట్టకూడదని, జనరల్ డైరీలో రాసుకుంటే చాలని 2016 నమూనా నియమాలు చెబుతున్నాయి. పంతొమ్మిదని చెప్పిన క్షణంలో ఇవన్నీ వదులుకున్నట్టే. మామూలు కోర్టులో మామూలు ముద్దాయిగా వాడి పేరు నమోదవుతుంది.

లెక్కలోకి వచ్చేది గొడవ జరిగిన రోజున ఉన్న వయసు. అరెస్టు నాటిదీ కాదు, తీర్పు నాటిదీ కాదు. ‘ఇప్పుడు ఇరవై వచ్చాయి కదా, ఇంకేం మైనరు’ అనే ప్లీడరు గుమాస్తా మాట పట్టించుకోవద్దు. ఆనాటికి మైనర్ననే వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు ముగిసిపోయాక కూడా లేవనెత్తవచ్చని జువెనైల్ చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. వయసు రుజువుకు స్కూలు ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ గానీ టెన్త్ సర్టిఫికెట్ గానీ మొదట చూస్తారు. అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు పట్టుకుని పరుగెత్తవద్దు. అది పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేయడం, ఇంట్లోవాళ్లు ‘సరేలెండి’ అనడం మన ఊళ్లలో మామూలు. ఇలాంటి కేసులో ఆ తేదీయే పిల్లాడి జాతకం తేలుస్తుంది. పంచాయతీలో నమోదైన తేదీ వేరేగా ఉంటే ఆ సంగతి లాయరుతో మొదటి రోజే చెప్పాలి.

“బైండోవరేగా, తాసీల్దారు ఆఫీసుకెళ్లి సంతకం పెట్టి రమ్మను.” ఎన్నికలు వస్తున్నాయంటే ఈ మాట గురజాల డివిజన్‌లో ప్రతి ఊళ్లో వినబడుతుంది. పద్దెనిమిది నిండని వాణ్ణి బైండోవర్ చేయడానికి, అంటే గొడవ చేయనని పూచీకత్తు రాయించుకోవడానికి, వీల్లేదు. ఆ ప్రొసీడింగ్స్ పిల్లల మీద నడపకూడదని జువెనైల్ చట్టం 22వ సెక్షన్ నేరుగా అంటోంది. పిల్లాడి పేరు లిస్టులో ఉందని తెలిస్తే టెన్త్ మెమో జిరాక్సు తీసి, ఒక అర్జీ రాసి, ఇచ్చినట్టు రసీదు తెచ్చుకోండి. సంతకం పెట్టించి తీసుకురావద్దు.

“ఒప్పేసుకుంటే ఈ రోజే అయిపోద్ది”

వాయిదాలకు తిరగలేక తల్లిదండ్రులు దీనికి లొంగిపోతారు. మిరపకాయ కోతల రోజుల్లో ఒక వాయిదా అంటే కూలి పోవడం, బస్సు చార్జీలు, ప్లీడరు ఫీజు. ఆ అవస్థ నాకు తెలుసు. కానీ బోర్డులో విచారణ మామూలు కోర్టులా ఏళ్ల తరబడి సాగేలా చట్టం రాయలేదు. పిల్లాణ్ణి మొదటిసారి హాజరు పరిచిన నాటి నుంచి నాలుగు నెలల్లో తేల్చాలి, ఇంకో రెండు నెలలు మాత్రమే పొడిగించవచ్చు. చిన్న నేరాల్లో అప్పటికీ తేలకపోతే ఆ విచారణ ముగిసిపోయినట్టే. చెయ్యని పని ఒప్పుకుంటే, రేపు పోలీసు ఉద్యోగపు ఫారంలో ‘నిర్దోషిగా బయటపడ్డాను’ అని రాసుకునే అవకాశం పోతుంది. పిల్లలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. తండ్రి ఆదాయంతో పని లేదు, 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. కోర్టులోని న్యాయ సేవా కమిటీ దగ్గరికి వెళ్లినా, 15100కు ఫోన్ చేసినా లాయరును ఇస్తారు.

ఇక అన్నిటికంటే ఎక్కువ ఉద్యోగాలు పోగొట్టే సలహా.

“ఫారంలో నో అని కొట్టెయ్”

నెట్ సెంటర్‌లో జరిగే పని ఇది. సెలక్షన్ వచ్చాక అటెస్టేషన్ ఫారం నింపాలి. అందులో ఒక ప్రశ్న కాదు, ఒకదాని కింద ఒకటి అరడజను ఉంటాయి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద ప్రాసిక్యూషన్ జరిగిందా, ఏదైనా కేసు పెండింగ్‌లో ఉందా, శిక్ష పడిందా, జరిమానా పడిందా, ఏదైనా పరీక్ష నుంచి డిబార్ అయ్యారా. కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఇవన్నీ చదవడు. ప్రతి గడిలోనూ అలవాటుగా నో పెట్టుకుంటూ పోతాడు. మనవాడు పక్కన స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటుంటాడు. చివర ‘పై వివరాలన్నీ నిజం, అబద్ధమని తేలితే నా నియామకం రద్దు చేయవచ్చు’ అన్న డిక్లరేషన్ కింద సంతకం పెడతాడు.

2016 జూలైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఈ విషయం మీదే తీర్పు ఇచ్చింది. అందులో రెండు మాటలు ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. ఒకటి, ఫారంలో ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దాచకూడదు. రెండు, చిన్న వయసులో నినాదాలు చేసినందుకో, అలాంటి చిన్న నేరానికో పెట్టిన కేసైతే, దాచినా కూడా యజమాని క్షమించి వదిలేయవచ్చు. రెండోది యజమాని దయ మీద ఉంది. మొదటిది మన చేతిలో ఉంది. చిన్న కేసు క్షమించదగిందే అయినా, దాచాడన్న కారణం ఒక్కటి చూపించి ఉద్యోగం తీసేస్తే ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాలి. అంతసేపు పోరాడే స్తోమత మన ఇళ్లకుందా?

దాస్తే తెలియదనుకోవడం కూడా పొరపాటే. బోర్డులో పిల్లాడి ఫైలు వేరే, పెద్దవాళ్ల కేసు వేరే. ఇద్దర్నీ కలిపి విచారించకూడదని జువెనైల్ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. కానీ గొడవ ఒకటే, ఎఫ్‌ఐఆర్ ఒకటే. పిల్లాడి ఫైలును బోర్డు ఒకనాటికి తీసేసినా, ఆ ఎఫ్‌ఐఆర్‌లో, బాబాయిల చార్జిషీటులో వాడి పేరు అలాగే నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఇప్పుడు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆఫర్ లెటర్ ఇచ్చాక వెరిఫికేషన్ ఏజెన్సీకి అప్పజెబుతాయి. కోర్టుల వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకడం వాళ్లకు నిమిషాల పని. గుంపు కేసుల్లో ఎక్కువగా ఇరుక్కునే మన పల్నాటి పిల్లలకు ఈ చిక్కు మిగతా జిల్లాల పిల్లలకంటే ఎక్కువ. కాబట్టి పెద్దవాళ్ల కేసు నడిచే కోర్టులో కూడా, పిల్లాడు మైనరని, వాడి పేరు కాగితాల్లో బయటపడకూడదని లాయరు చేత పిటిషన్ వేయించడం అవసరం.

మరి ఏం రాయాలి? ప్రశ్న ఎలా ఉందో అలా చదివి, అడిగినదానికే జవాబివ్వాలి. యూనిఫాం ఉద్యోగాల ఫారంలో అరెస్టు గురించో ప్రాసిక్యూషన్ గురించో అడిగితే, ఎస్ అని రాసి, కింద వివరం రాయమంటాను నేను. ‘ఫలానా తేదీన నాకు పద్దెనిమిది నిండలేదు. జువెనైల్ జస్టిస్ బోర్డు విచారించి ఫలానా తేదీన ముగించింది. జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం దీనివల్ల నాకు ఏ అనర్హతా వర్తించదు’ అని. బోర్డు ఆర్డరు కాపీ జత చేయాలి. పిల్లప్పటి కేసు గురించి అసలు అడగడమే వ్యక్తి గోప్యతకు విరుద్ధమని అలహాబాద్ హైకోర్టు 2021లో అంది, ఆ వాదన మీద నాకు గౌరవం ఉంది. అయినా మన రాష్ట్రంలో సెలక్షన్ చేతికొచ్చిన కుర్రాణ్ణి ఆ వాదన ఒక్కదాని మీద ఆధారపడమని చెప్పలేను. ప్రైవేటు కంపెనీ, కాలేజీ ఫారాల్లో ప్రశ్న వేరే రకంగా ఉంటుంది. అక్కడ ఎస్ రాయాలా నో రాయాలా అనేది నెట్ సెంటర్‌లో తేల్చుకునే సంగతి కాదు, ముందు రోజే లాయరును అడిగి వెళ్లండి.

“ఇంక గవర్నమెంటు ఉద్యోగం ఆశ వదులుకో, బేల్దారి పనికి పంపు”

ఫారంలో దాచమనేవాళ్లు ఒకవైపు, దాచకపోతే పనైపోయిందనేవాళ్లు ఇంకోవైపు. ఈ రెండోవాళ్లు పిల్లాణ్ణి ఇంటర్ మధ్యలో మాన్పిస్తారు. దాచేపల్లి, పిడుగురాళ్ల సున్నం బట్టీల్లోనో, హైదరాబాద్ సెంట్రింగ్ పనిలోనో పడేస్తారు.

జువెనైల్ చట్టం 24వ సెక్షన్ సారం ఇది: ఈ చట్టం కింద విచారణ జరిగిన పిల్లాడికి, ఆ నేరం రుజువైనా సరే, వేరే ఏ చట్టంలో ఉన్న అనర్హతా అంటదు. పెద్దవాడిగా విచారించిన ఘోర నేరాలు మాత్రమే దీనికి మినహాయింపు. రికార్డును అప్పీలు గడువు దాటాక తీసేయాలి. నమూనా నియమాల్లో దానికి ఏడేళ్ల హద్దు పెట్టారు, అంతకు మించి ఉంచకూడదు. ప్రవర్తన సర్టిఫికెట్ కోసమైనా, మరి దేనికైనా పిల్లాడి రికార్డును పోలీసులు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ చెబుతోంది. 2021లో సవరించిన ఈ సెక్షన్ ముగిసిన కేసుకే కాదు, నడుస్తున్న కేసుకూ వర్తిస్తుంది. వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్ ‘ఏదో కేసుందంట కదా’ అంటే భయపడి తడబడాల్సిన పని లేదు. సెక్షన్ నంబరు చెప్పండి.

సీఐఎస్‌ఎఫ్‌లో ఎంపికైన రమేశ్ బిష్ణోయ్ అనే అభ్యర్థికి ఇలాంటి అడ్డంకే వచ్చింది. మైనర్‌గా ఉన్నప్పటి ఆరోపణ చూపించి ఉద్యోగం ఇవ్వలేదు. ఆ ఆరోపణ రుజువు కాలేదు. రుజువైనా సరే, మైనర్‌గా ఉన్నప్పటి దాన్ని బట్టి ఉద్యోగం నిరాకరించడం కుదరదని 2019 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. గురజాల నుంచి నరసరావుపేట దాకా తెల్లవారుజామున రోడ్ల మీద పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలందరికీ ఈ పేరు తెలిసి ఉండాలి. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ పడ్డప్పుడు ఆ రోడ్లు ఎలా నిండిపోయాయో చూసినవాళ్లకు తెలుసు.

గుంపుగా వెళ్లమనే సలహా ఇంకొకటి. ఆ ఏడాదే జూన్ 17న సైన్యంలో చేర్చుకునే అగ్నిపథ్ పథకం మీద కోపంతో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో బోగీలు తగలబెట్టారు. కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. నరసరావుపేటలో డిఫెన్స్ అకాడమీ నడిపే ఒకాయన్నీ ఆ కేసులో అరెస్టు చేశారు. రెండు రోజులకే సైన్యాధికారులు ఢిల్లీలో ప్రకటించారు, విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ రాసివ్వాలని, పోలీసు వెరిఫికేషన్ తప్పదని. అగ్నివీర్ వయసు మొదలయ్యేది పదిహేడున్నర నుంచి. అంటే అక్కడికి వెళ్లినవాళ్లలో మైనర్లు కూడా ఉండే అవకాశం ఉంది. ‘అందరం కలిసి వెళ్తే ఎవణ్ణీ ఏం చెయ్యలేరు’ అని వాళ్లకు చెప్పినవాళ్లెవరూ ఆ డిక్లరేషన్ మీద సంతకం పెట్టలేదు. పెట్టాల్సి వచ్చింది పిల్లలే.

“అమెరికా వాళ్లకెట్లా తెలుస్తది” అనే మాట మాత్రం అసలు వినవద్దు. మన చట్టం మన దేశంలోనే పనిచేస్తుంది. అమెరికా వీసాకు నింపే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. కేసు కొట్టేసినా, క్షమాభిక్ష దొరికినా చెప్పాల్సిందే అన్నట్టు ఉంటుంది ఆ ప్రశ్న. నిజానికి పిల్లప్పటి తప్పును వాళ్ల ఇమిగ్రేషన్ వ్యవస్థ కూడా మామూలు శిక్షగా లెక్కగట్టదు. కానీ అబద్ధం చెప్పాడని తేలితే మాత్రం ఎప్పటికీ వీసా రాకుండా చేసే సెక్షన్ వాళ్ల చట్టంలో ఉంది. వందల కాలేజీలు వాడే వాళ్ల ఉమ్మడి దరఖాస్తులోంచి నేర చరిత్ర ప్రశ్నను 2019లో తీసేశారు. కాలేజీ అడగకపోయినా కాన్సులేట్ అడుగుతుంది. నిజం రాసి, బోర్డు ఆర్డరూ దాని ఇంగ్లిష్ అనువాదమూ దగ్గర పెట్టుకుని వెళ్లాలి.

ఇంకొకటుంది. గొడవ వీడియో తీసి, కింద కుర్రాడి పేరూ తండ్రి పేరూ రాసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ‘అందరికీ తెలిస్తేనే బుద్ధొస్తది’ అంటారు. కేసులో ఉన్న పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టే వివరం ఏదైనా బయటపెడితే ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పత్రికలకే కాదు, ఏ రకమైన ప్రచారానికైనా ఇది వర్తిస్తుంది. మీ గ్రూపులో అలాంటిది కనిపిస్తే అడ్మిన్‌కు చెప్పి తీయించండి. స్క్రీన్‌షాట్ మాత్రం దాచండి, అవసరమైతే కంప్లైంటు ఇవ్వడానికి.

చివరిగా, ‘ఆ కాగితాలు ఇంట్లో ఉంచుకుంటే దరిద్రం, తగలబెట్టెయ్’ అనే సలహా. దీన్ని వినే తల్లులు చాలామంది ఉంటారు, వాళ్ల బాధ అర్థం చేసుకోగలను. కానీ తగలబెట్టవద్దు. కేసు ముగిసిన రోజే బోర్డులో కాపీ దరఖాస్తు పెట్టి, సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. టెన్త్ మెమో పెట్టే ఫైలులోనే పెట్టండి. ఏడేళ్లు దాటాక అక్కడి రికార్డు పోతుంది, పోవాలి కూడా. అప్పుడు కేసు ముగిసిందని చూపించడానికి మిగిలేది మీ దగ్గరున్న ఆ కాపీయే. రికార్డు తీసేయాల్సిన గడువు వచ్చాక, తీసేశారో లేదో కనుక్కుంటూ బోర్డుకు ఒక దరఖాస్తు రాయండి. స్టేషన్‌కు కూడా ఆ ఆదేశం వెళ్లిందా అని అందులోనే అడగండి.